చదునైన నేల

మార్చి 4, మంగళవారం

డాష్‌బోర్డు మీద పసుపు దీపం వెలిగింది. జారిపోతున్న కారు బొమ్మ, దాని వెనక రెండు వంకర గీతలు. ఉదయం నా భార్య తాళం తిప్పగానే వెలిగింది, ఇంజను అందుకున్నాక కూడా ఆరలేదు. ఆమె నా వంక చూడలేదు. ఇంట్లోకి వచ్చి ఫోను తీసి డాక్టరుకు చేసింది.

అతను డాక్టరు కాడు. వంతెన పక్క షెడ్డులో కార్లు బాగుచేస్తాడు. ఆమె పాఠాలు చెప్పే డ్రైవింగు స్కూలులో అందరూ అతన్ని డాక్టరు అంటారు కనుక మా ఇంట్లో కూడా అదే పేరు స్థిరపడింది. ఈ డైరీలో మాత్రం మెకానిక్ అనే రాస్తాను. ముద్ర లేని తూకపురాయిని మా ఆఫీసులో ఎవరూ తూకపురాయి అనరు.

ఫోనులో ఆమె అన్న మాటలు యథాతథంగా రాస్తున్నాను.

"నిన్న మలుపులో కొంచెం గునిసింది. ఆ, వెనకే. ఎడమ వైపు. కాదు కాదు, రాయి తగిలినట్టు కాదు. నిద్రలో పక్కనున్నవాళ్లు మోచేత్తో పొడుస్తారే, అలా."

అవతల అతనికి అర్థమైంది. ఇవతల నాకు కాలేదు.

నేను ఆటోమొబైల్ ఎలక్ట్రానిక్స్‌లో డిప్లొమా పొందినవాడిని. నలభై రెండో ఏట చేరి, పగలు తూనికలు కొలతల ఆఫీసులో పనిచేసి, సాయంత్రం క్లాసులకు ఐదేళ్లు వెళ్లి, ప్రథమ శ్రేణిలో పూర్తిచేశాను. పట్టా హాలు గోడకు ఉంది. ఆమె సరిగ్గా ఆ పట్టా కింద నిలబడి అతనికి ఫోను చేసింది.

నేను అసూయాపరుడిని కాను. ఈ వాక్యం మొదటి రోజే రాసి పెట్టుకోవడం మంచిది.

మార్చి 6, గురువారం

మెకానిక్ ఉదయమే ఇంటికి వచ్చాడు. నా కంటే నాలుగైదేళ్లు చిన్నవాడు. ముంగిట్లో ఉన్న కారు వెనక చక్రం పైకెత్తి, లోపలి సెన్సర్‌ను పాత గుడ్డతో తుడిచి దించాడు. దీపం ఆరింది. పది నిమిషాలు పట్టలేదు. మీటరు పెట్టలేదు, పుస్తకం తియ్యలేదు, అసలు ఏ కొలతా తీసుకోలేదు. దుమ్ము తుడవడం వైద్యమైతే మా అత్తగారు ఈ ఇంటికి పెద్ద వైద్యురాలు.

పని ముగించి లేస్తుండగా అతని చేతిలోంచి ఒక నట్టు జారి, కారు కిందుగా దొర్లుతూ వెళ్లి ఎడమ గోడ దగ్గర ఆగింది.

"సార్, మీ ముంగిలి నీళ్లు ఆ గోడవైపు పోతాయా?" అన్నాడు.

"పోవు. ఈ నేల నేను దగ్గరుండి వేయించాను. మా ఆఫీసు రసమట్టం పెట్టి, బుడగ గీతల మధ్య నిలిచాకే సిమెంటు పొయ్యనిచ్చాను."

"అయితే నా నట్టుకే కాళ్లొచ్చాయి సార్."

నా భార్య నవ్వింది. గుమ్మంలో కూర్చున్న మా అత్తగారు కూడా నవ్వింది. అతను వెళ్లేలోపు నా భార్య మొత్తం నాలుగుసార్లు నవ్వింది. అతను ఆమెను 'మాస్టారూ' అని పిలుస్తాడు. ఆడమనిషిని మాస్టారు అనడం ఏం హాస్యమో నాకు తెలియదు. ఆమెకు తెలుసు.

అతనికి టీ నా పెద్ద కప్పులో ఇచ్చింది. నేను గ్లాసులో తాగాను. కప్పు గురించి రాయడం చిన్నతనం. కనుక రాయను.

మార్చి 9, ఆదివారం

దీపం మళ్లీ వెలిగింది. తుడిచిన దుమ్ము మూడు రోజులకు సరిపోయిందన్నమాట.

"రేపు క్లాసయ్యాక షెడ్డుకి తీసుకెళ్తాను" అంది.

"అవసరం లేదు. సెన్సర్లన్నీ నేనే ఇంట్లో పరీక్షిస్తాను."

"మీకెందుకండీ శ్రమ? ఆయనైతే అరగంటలో చూసేస్తారు."

ఆయన. పద్దెనిమిదేళ్లుగా ఈ ఇంట్లో ఆ మాట నాకొక్కడికే ఉండేది.

సాయంత్రం మా పాత లెక్చరరు ఇంటికి వెళ్లి, కారు సెన్సర్ల లెక్కలు చదివి దిద్దే స్కానర్ అడిగి తెచ్చాను. సంతోషంగా ఇచ్చారు. 'నా క్లాసులో నోట్సు పూర్తిగా రాసుకున్నవాడివి నువ్వొక్కడివే' అన్నారు. ఈ మాట ఇంటికి వచ్చి చెప్పాను. అత్తగారు తల ఊపింది. నా భార్య ఫోనులో ఉంది.

మార్చి 10, సోమవారం

నోట్సు తిరగేశాను. నా అక్షరాలు చక్కగా ఉన్నాయి. స్టెబిలిటీ కంట్రోల్: మలుపులో కారు జారబోతే, డ్రైవరు ప్రమేయం లేకుండా తనంతట తాను ఏదో ఒక చక్రానికి బ్రేకు వేసి కారును దారిలోకి తెచ్చే ఏర్పాటు. నాలుగు చక్రాలకు నాలుగు సెన్సర్లు. స్టీరింగు ఎంత తిరిగిందో చెప్పేది ఒకటి. కారు ఏ పక్కకు తోసుకుపోతోందో కనిపెట్టేది ఒకటి, సీట్ల మధ్య చిన్న పెట్టెలో. వీటిలో ఏ ఒక్కటి అబద్ధం చెప్పినా మిగతావి దాన్ని నమ్ముతాయి.

ఈ చివరి వాక్యం లెక్చరరు చెప్పింది కాదు. నేనే మార్జినులో రాసుకున్నాను.

మార్చి 12, బుధవారం

సగం రోజు సెలవు పెట్టి పరీక్షించాను. చక్రం పైకెత్తి తిప్పుతుంటే సెన్సర్ నుంచి కరెంటు వస్తున్నదో లేదో మీటరులో చూడాలి. తిప్పడానికి ఒకరు, చూడడానికి ఒకరు కావాలి. నా భార్య క్లాసులో ఉంది. అత్తగారు వచ్చి స్టూలు వేసుకుని కూర్చుని చక్రం తిప్పింది.

"ఇంకొంచెం వేగంగా అత్తయ్యా."

"కారు కదలకుండా చక్రం తిప్పడానికా నాయనా ఐదేళ్లు చదివింది?"

"అంకె చూడాలి. ఆపకండి."

"ఆపనులే. ఈ లెక్కన ఈపాటికి పక్క ఊరు చేరుండేవాళ్లం."

మూడు చక్రాలు బాగున్నాయి. వెనక ఎడమ చక్రం దగ్గర అంకె ఒకసారి వస్తుంది, ఒకసారి చస్తుంది. వైరును వేళ్లతో తడుముకుంటూ వెళ్లాను. ఇరుసు పక్కన, ఇనుప కమ్మీకి రాసుకుని రాసుకుని, పైతొడుగు అరిగి రాగి కనబడుతున్నది. దీపానికి కారణం అది. దుమ్ము కాదు. అతను గుడ్డతో తుడిచినప్పుడు వైరు కదిలి కాసేపు తగిలింది, అంతే. అతని చెయ్యి దానికి జానెడు దూరంలో ఉంది, చూడలేదు. నేను చూశాను.

తొడుగు వేసి, టేపు చుట్టి, కమ్మీకి దూరంగా కట్టాను. దీపం ఆరింది.

ఐదేళ్ల చదువు మొదటిసారి ఈ ఇంట్లో వెలిగింది అని రాయబోయాను. ఆరింది అనాలి.

మార్చి 13, గురువారం

ఆమె "బాగుందండీ" అంది. రెండు పదాలు కూడా కాదు. తర్వాత మెకానిక్‌కు ఫోను చేసి చెప్పింది. "మా ఆయన వైరు పట్టుకున్నారు. అవును, అరిగిపోయింది. అవునా? ఓహో, అదా." ఆ 'ఓహో'లో నా కోసం చెప్పిన దాని కంటే ఎక్కువ అక్షరాలు ఉన్నాయి.

ఆ తర్వాత ఫోను నాకిచ్చింది. అతను అన్నాడు, "శభాష్ సార్. నేనే పొరబడ్డాను. ఇంకేం ముట్టుకోకండి. మిగతా సెన్సర్ల సున్నాలన్నీ సరిగ్గానే ఉన్నాయి."

శభాష్. ఎవరికి ఎవరు చెప్పేది?

మార్చి 15, శనివారం

నోట్సులో 94వ పేజీ. 'సెన్సర్ల పని చేసిన తర్వాత సున్నాను తిరిగి నిర్ణయించవచ్చును.' సున్నా అంటే, కారు ఎటూ ఒరగకుండా నిటారుగా ఉన్నప్పుడు సెన్సర్ చూపవలసిన అంకె. నిర్ణయించవలెను అని లేదు. నిర్ణయించవచ్చును అని ఉంది. అంటే జాగ్రత్త గల మనిషి నిర్ణయిస్తాడు.

అతను ముట్టుకోవద్దన్నందుకు చేస్తున్నానని ఎవరైనా అనుకుంటే అది వారి ఆలోచన.

మార్చి 16, ఆదివారం

సున్నా నిర్ణయించాను. పద్ధతి ప్రకారం రాస్తున్నాను.

ఒకటి, వాహనాన్ని చదునైన నేల మీద నిలపాలి. మా ముంగిలి కంటే చదునైన నేల ఈ వీధిలో లేదు. రెండు, టైర్లలో గాలి సమానంగా ఉండాలి. చూశాను. మూడు, స్టీరింగు నిటారుగా ఉండాలి. కంటితో కాదు, చక్రం మీద అడ్డంగా రసమట్టం పెట్టి, బుడగ నడిమికి వచ్చేదాకా తిప్పాను. ఏ మెకానిక్ ఇంత చేస్తాడు?

ఆ సమయంలో నా భార్య గడప కడిగి బకెట్టు వొంపింది. నీళ్లు కారు కిందుగా పారి ఎడమ గోడ దగ్గర చేరాయి.

"చూశారా నీళ్లు ఎటు పోతున్నాయో?" అంది.

"గాలి అటు వీస్తోంది."

"ఆరేళ్లుగా అటే వీస్తోందేమోనండీ."

"చీపురుతో ఇటు తోస్తే ఇటే వస్తాయి."

ఆమె బకెట్టు తీసుకుని లోపలికి వెళ్లింది. స్కానర్ తెర మీద 'పక్కతోపు సున్నా, స్టీరింగు సున్నా, రెండూ నిర్ణయించాలా?' అని వచ్చింది. నిర్ణయించాలి అని నొక్కాను. పూర్తయింది అని వచ్చింది.

మార్చి 18, మంగళవారం

"కారు ఎలాగో ఉందండీ" అంది అన్నం పెడుతూ. "తిన్నటి రోడ్డు మీద కూడా ఎవరో పక్కన కూర్చుని భుజంతో నెడుతున్నట్టుంది."

"దీపం వెలిగిందా?"

"లేదు."

"దీపం లేనప్పుడు దోషం లేదు."

"రేపు ఒకసారి షెడ్డులో చూపిస్తాను."

"మళ్లీ అతనికెందుకు?"

మామూలుగానే అన్నానని అనుకుంటున్నాను. ఆమె నా ముఖం చూసింది. కూర గిన్నె మూత పెట్టి లేచింది.

మార్చి 19, బుధవారం

మధ్యాహ్నం భోజన విరామంలో వంతెన వైపు నడిచాను. ఎండ బాగా ఉంది, నడక ఆరోగ్యానికి మంచిది.

షెడ్డు ముందు మా కారు లేదు. లోపల కూడా లేదు. వెనక వైపు కూడా చూశాను. మెకానిక్ ఒక కారు కింద పడుకుని ఉన్నాడు. కాళ్లు మాత్రం కనిపిస్తున్నాయి. ఆ కాళ్లతోనే నన్ను గుర్తుపట్టినట్టు బయటకు వచ్చాడు.

"రండి సార్. ఏంటి ఇటు?"

"ఈ వీధిలో ఒక దుకాణం తక్కెడ చూడాల్సి ఉంది."

"ఇక్కడ దుకాణాల్లేవే సార్. అన్నీ షెడ్లే."

"అవతలి వీధి."

"కూర్చోండి, టీ తాగుదురు. మాస్టారి కారు ఎలా ఉంది?"

"బ్రహ్మాండంగా ఉంది."

అతను చేతులు తుడుచుకుంటూ ఇంకేదో అడగబోయాడు. నేను వచ్చేశాను. గోడకు ఒక కాగితం అంటించి ఉంది, మా సాయంత్రం కాలేజీ దరఖాస్తు లాగా కనిపించింది. అలాంటి కాగితాలు అన్నీ ఒకేలా ఉంటాయి.

ఆమె అక్కడికి వెళ్లలేదు. తృప్తిగా నడిచాను. మూడు వీధులు తృప్తిగానే నడిచాను.

మార్చి 21, శుక్రవారం

ఆమె మణికట్టు వాచింది. కారు షెడ్డులో ఉంది. ఇవాళ రాయలేను.

మార్చి 22, శనివారం

వరసగా రాస్తాను.

నిన్న ఉదయం సన్నగా జల్లు పడుతోంది. కళ్లద్దాల దుకాణం ఆవిడ స్టీరింగు పట్టుకుంది. యాభై దాటాక నేర్చుకుంటున్న మనిషి, చాలా మెల్లగా నడుపుతుంది. నా భార్య పక్క సీట్లో ఉంది. వంతెన దిగేచోట మలుపు. ఆ మలుపులో కారు తనంతట తాను గుర్రుమని ఒక ముందు చక్రానికి బ్రేకు వేసింది. ఎవరూ కాలు పెట్టలేదు. కారు మూతి పక్కకు తిరిగి అంచు రాయికి కొట్టుకుంది. రాయి లేకపోతే దిగువన కాలవ. నా భార్య పక్కనుంచి చెయ్యి చాచి స్టీరింగు గుంజి పట్టుకుంది, పాఠాల కోసం మా కారులో తన వైపు పెట్టించుకున్న రెండో బ్రేకు తొక్కింది. చక్రం వంగింది. మణికట్టు మెలితిరిగింది. ఎముక విరగలేదని ఆసుపత్రిలో ఫోటో తీసి చెప్పారు.

కళ్లద్దాల ఆవిడ సాయంత్రం చూడడానికి వచ్చింది. "ఒట్టు అన్నయ్యగారూ, నేనేం చెయ్యలేదు. కారే చేసింది" అంది. ఆ మాట నాకు నాలుగుసార్లు చెప్పింది. నాకే ఎందుకు చెప్పిందో తెలియదు.

ఇవాళ స్కూలు యజమానురాలు వచ్చింది. ఆవిడ ఆరు కార్లూ, మాదీ, అన్నీ మెకానిక్ చూస్తాడు. అతని షెడ్డు నడిచేదే ఈ స్కూలు పనితో.

"చక్రం దగ్గర చెయ్యి పెట్టింది ఆ డాక్టరే కదా?" అంది ఆవిడ.

"మా ఆయన కూడా వైరు చూశారండీ" అంది నా భార్య.

"మీ ఆయన చదువుకున్న మనిషి. తూకాలకు ముద్ర వేసే మనిషి. ఆయన చేతిలో తప్పు జరగదు." నా పట్టా వైపు చూసి అంది. "సోమవారం పొద్దున షెడ్డుకి వెళ్లి తేల్చేస్తాను. మనుషుల ప్రాణాలు. ఇంకో మెకానిక్‌ని చూసుకుంటా. ఫోను చేస్తే ఏమన్నాడో తెలుసా? నా దగ్గరే పొరపాటు జరిగుండొచ్చు మేడం, అన్నాడు. తనే ఒప్పుకున్నాడు."

ఈ ఇంట్లో నా పట్టాను తలెత్తి చదివిన మొదటి మనిషి ఆవిడ.

నాకు కలిగింది సంతోషం కాదు. ఊరట అనవచ్చు. ఇకపై వారానికి రెండు ఫోన్లు ఉండవు. నా పెద్ద కప్పు నాకే ఉంటుంది.

నా భార్య నా వంక చూస్తూ ఉంది. కట్టు కట్టిన చెయ్యి ఒళ్లో పెట్టుకుని. నేను ఆవిడను గేటు దాకా సాగనంపాను.

మార్చి 23, ఆదివారం

ఉదయం వాన వెలిసింది. కారు లేని ముంగిలిని చాలా కాలానికి చూశాను. కుడి సగం ఆరిపోయింది. ఎడమ గోడ పొడవునా నీళ్లు నిలిచి ఉన్నాయి. గాలి లేదు.

ఆఫీసు సంచిలోంచి రసమట్టం తీశాను. సంచిలో పెట్టేశాను. టిఫిను చేశాను. మళ్లీ తీశాను.

మా ఆఫీసులో మొదటి పాఠం ఇది. తక్కెడను పరీక్షించే ముందు అది నిలబడ్డ బల్లను పరీక్షించాలి. బల్ల వాలి ఉంటే అసలు తూకం వెయ్యకూడదు. ఎన్ని దుకాణాలవాళ్లకు ఈ మాట చెప్పి ఉంటాను.

నేల మీద పెట్టాను. బుడగ గీతల మధ్య లేదు. కుడి చివరకు పోయి అంటుకుంది. రసమట్టం తిప్పి పెట్టాను. బుడగ మళ్లీ అటే పోయింది. మీటరు పొడవుకు ఐదు సెంటీమీటర్ల వాలు. వేసినప్పుడు సమంగానే ఉంది. ఆరేళ్లలో గోడ పక్క మట్టి కుంగింది. వేసినప్పుడు సమంగా ఉందన్న సంగతి ఇక్కడ నమోదు చేస్తున్నాను.

అంటే గత ఆదివారం కారు పక్కకు ఒరిగి నిలబడి ఉంది. ఆ ఒరుగే నిటారు అని నేను దానికి నేర్పాను. స్టీరింగుకు కూడా అదే నేర్పాను, బుడగ పెట్టి మరీ. ఆ తర్వాత చదును రోడ్డు ఎక్కినప్పుడల్లా కారు, నేను పక్కకు ఒరుగుతున్నాను అనుకుంది. మలుపులో తనను తాను కాపాడుకోబోయింది.

అత్తగారు గుమ్మంలోంచి చూస్తోంది.

"తెలిసిందా నాయనా?"

"నేల కుంగింది అత్తయ్యా."

"ఆరేళ్లుగా నీళ్లు చెబుతూనే ఉన్నాయి. వాటికి డిప్లొమా లేదు కాబట్టి నువ్వు వినలేదు."

ఎవరికీ తెలియనక్కరలేదు. స్కానర్ నా దగ్గరే ఉంది. రేపు పొద్దున ఆవిడ షెడ్డుకు వెళ్తుంది, తేల్చేస్తుంది, అంతటితో అయిపోతుంది. ఈ వాక్యం రాసి అరగంట అయింది. కొట్టెయ్యడం లేదు. ఇది కూడా నమోదులో ఉండాలి.

మార్చి 24, సోమవారం

ఎనిమిది గంటలకే షెడ్డుకు వెళ్లాను. మెకానిక్ ఒక్కడే ఉన్నాడు. మా కారుకు కొత్త చక్రం బిగిస్తున్నాడు. రాత్రంతా తయారు చేసుకున్న వాక్యం చెప్పాను.

"పొరపాటు మీది కాదు. వాలు నేల మీద సున్నా నిర్ణయించింది నేను."

"తెలుసు సార్" అన్నాడు.

చేతిలో స్పానరు కింద పెట్టలేదు.

"ఎప్పుడు తెలిసింది?"

"శుక్రవారమే. కారు రాగానే స్కానర్ పెట్టి చూశా. చదును మీద నిలబెడితే పక్కకి మూడు డిగ్రీలు చూపిస్తోంది. ఇదెక్కడి మూడబ్బా అనుకున్నా. అప్పుడు నా నట్టు గుర్తొచ్చింది."

"మరి యజమానురాలికి ఎందుకు చెప్పలేదు? పని పోతుంది కదా?"

"చెబితే మాస్టారికి తెలుస్తుంది. ఆ తల్లి మిమ్మల్ని ఎంత తలకెత్తుకుంటుందో మీకేం తెలుసు సార్? మా ఆయన నలభై దాటాక పుస్తకం పట్టుకున్నారు, బస్సులో నిలబడి చదివేవారు, నువ్వెందుకు చదవవు అని నన్ను తిట్టని రోజు లేదు. ఇదిగో, ఆవిడే తెచ్చిచ్చింది." గోడ మీది కాగితం చూపించాడు. మా సాయంత్రం కాలేజీ దరఖాస్తే. "సగం నింపా. మిగతా సగం ఇంగ్లీషులో ఉంది."

నేను బస్సులో నిలబడి చదివిన సంగతి ఆమెకు గుర్తుందని నాకు తెలియదు. ఐదేళ్లలో ఒక్కరోజు కూడా నాతో అనలేదు. అతనితో ప్రతిరోజూ అంది. నా గురించిన మంచి మాట కూడా ఆమె తీసుకెళ్లి ఆ షెడ్డులోనే పెట్టింది.

పైగా అతను ఈ మూడు రోజులూ నా తప్పు మోస్తూ కూర్చున్నాడు. నేను ఊరటపడ్డ రోజు కూడా. అందులో కూడా నా కంటే ముందున్నాడు.

తొమ్మిదింటికి యజమానురాలు వచ్చింది. లేచి నిలబడి చెప్పాను. ఆవిడ నమ్మలేదు.

"మీ పెద్ద మనసు తెలుస్తూనే ఉంది. పేదవాడని మీ మీద వేసుకుంటున్నారు."

"లేదండీ. నేనే చేశాను."

"వైరేగా మీరు చూసింది?"

"వైరు బాగానే చేశాను. సున్నా తప్పు చేశాను. వద్దన్నా చేశాను."

మూడుసార్లు చెప్పవలసి వచ్చింది. నా మీద ఆవిడకు ఉన్న గౌరవాన్ని నేనే పట్టుకుని కిందికి లాగాలి, అది రాదు. చివరకు రసమట్టం కారులో సీట్ల మధ్య పెట్టి బుడగ చూపించాను, పక్కనే స్కానర్‌లో అంకె చూపించాను. బుడగ నడుమ ఉంది. అంకె మూడు. ఆవిడ రెండూ చూసి నన్ను చూసింది.

"తూనికల ఆఫీసులో ఉండి..." అని ఆగింది.

మెకానిక్ అన్నాడు, "మేడం, ఆ వైరు నాకు కనబడలేదు, సార్‌కి కనబడింది. అది కూడా వేసుకోండి లెక్కలో."

అతను ఆ మాట అనకపోతే బాగుండేది. నిలబడ్డాను.

మార్చి 24, సాయంత్రం

నా భార్యకు చెప్పాను. ఎడమ చేత్తో అన్నం తింటోంది. చెంచా ఆపలేదు.

"నాకు శుక్రవారం మలుపులోనే తెలుసండీ. కారు ఎటు నెడుతోందో, బకెట్టు నీళ్లు ఎటు పోయాయో, రెండూ ఒకటే."

"మరి ఎందుకు అనలేదు?"

"మీరు అంటారని చూశాను. శనివారం గేటు దాకా వెళ్లి కూడా అనకుండా తిరిగొచ్చారే, అప్పుడు మాత్రం..." వాక్యం పూర్తి చెయ్యలేదు. నేను అడగలేదు.

చెంచా కింద పెట్టి తనే అంది. "నా తప్పు కూడా ఉంది. బుధవారం షెడ్డుకి వెళ్లాల్సింది. మీ ముఖం చూసి మానేశాను. పక్కన ఆవిడ ప్రాణం నా చేతిలో ఉందని తెలిసీ మీ ముఖం చూసి మానేశాను. ఇంకెప్పుడూ మాననండీ. మీరెలా ముఖం పెట్టినా."

"మానొద్దు" అన్నాను.

"అతను నన్ను అక్కలా చూస్తాడు అని చెప్పను. చెబితే నేనేదో సంజాయిషీ ఇచ్చుకున్నట్టుంటుంది. మీరు అడగలేదు, నేను చెప్పలేదు. సరేనా?"

సరే అన్నాను.

గిన్నెలు నేను కడిగాను.

మార్చి 27, గురువారం

గోడ పక్కన నేల తవ్వించడానికి మేస్త్రీ వచ్చి చూసి వెళ్లాడు. 'ఎవరండీ ఇంత పద్ధతిగా వేయించింది, అడుగున మట్టి తొక్కించకుండా?' అన్నాడు. అత్తగారు నా వైపు చూపించబోయి, దయతలచి, ఆకాశం వైపు చూపించింది.

మార్చి 30, ఆదివారం

డ్రైవింగు స్కూలు మైదానానికి వెళ్లాం. నేను, నా భార్య, మెకానిక్. కారు నిలిపేముందు అతను నా వైపు చెయ్యి చాచాడు. "మీ రసమట్టం ఇవ్వండి సార్. కంటికి చదునే. కంటిని నమ్మకూడదని మీరే కదా నేర్పారు." అది వెటకారమో కాదో తేలలేదు. ఇచ్చాను. అడ్డంగా, నిలువుగా పెట్టి చూశాడు. రెండు చోట్ల ఒప్పుకోలేదు. మూడో చోట ఒప్పుకున్నాడు. పని చేసేటప్పుడు అతను మాట్లాడడు. అది నేను ఇదివరకు గమనించలేదు.

స్కానర్ నేను పట్టుకున్నాను. నొక్కమన్నప్పుడు నొక్కాను. సున్నా వచ్చింది. అతను దరఖాస్తు కాగితం జేబులోంచి తీసి, "ఇక్కడేం రాయాలి సార్?" అన్నాడు. బానెట్ మీద పెట్టి మిగతా సగం నేను నింపాను. నా అక్షరాలు చక్కగా వచ్చాయి. ఐదేళ్లలో అతనికి కూడా పట్టా వస్తుంది. అప్పుడు నా దగ్గర ఏముంటుంది అన్న ప్రశ్న బానెట్ మీద ఉండగానే వచ్చింది. సంతకం చోటు చూపించాను.

అతన్ని షెడ్డు దగ్గర దింపాక, ఇంటిదాకా నేను నడిపాను. ఆమె చెయ్యి ఇంకా బాగుపడలేదు కనుక పక్క సీట్లో పాఠం చెప్పే మనిషిలా కూర్చుంది. వంతెన మలుపు వచ్చింది.

"స్టీరింగు అంత బిగించి పట్టుకోకండి. వదులుగా. ఇప్పుడు చెప్పండి, ఏమంటోంది?"

ఆమె మాటల్లో చెప్పాలని చాలా వెతికాను. మోచెయ్యి, భుజం, నిద్ర. ఏదీ రాలేదు. మలుపు అయిపోయింది.

"ఏమీ అనడం లేదు" అన్నాను.

"అదే. ఏమీ అనకపోవడమే వినాలి."

ఇంటికి రాగానే అతనికి ఫోను చేసింది. హాల్లో, పట్టా కింద నిలబడే. "బాగుంది డాక్టరూ. లేదు, నేను కాదు, ఆయనే నడిపారు. మా ఆయనకి వినబడిందట." అని నవ్వింది.

నేను వంటింట్లో టీ పెడుతున్నాను. ఎన్నిసార్లు నవ్విందో ఈసారి లెక్కపెట్టలేదు.

రెండుసార్లు.